చాచా దుకాణంలో పడవ పలక

పోయిన ఆదివారం మా మనవరాలు సెల్‌ఫోన్‌లో ఒక పాత పడవ ఫోటోలు తెచ్చి నా ముందు పెట్టింది. బేగంపేటలో ఉద్యోగం చేసే ఈ పిల్లకు సెలవు రోజుల్లో హుస్సేన్‌సాగర్ మీద తెరచాప పడవ నడపడం సరదా. ఇప్పుడు ఆ సరదా ముదిరి, స్నేహితులతో కలిసి విశాఖపట్నంలో అమ్మకానికి వచ్చిన ఒక పాత సముద్రపు పడవను కొని, బాగు చేయించుకుని, అండమాన్ దాకా పోవాలని చూస్తోందట. "అమ్మమ్మా, మీ నాన్న పడవల మేస్త్రి కదా, పాత పడవ కొనేముందు ఏమేం చూసుకోవాలో చెప్పు" అని అడిగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాను.

మా నాన్నది కాకినాడ వైపు సముద్రపు ఒడ్డు ఊరు, పడవలు కట్టే ఇల్లు. నిజాం రాజ్యంలో దొరల బోటు క్లబ్బుకు మేస్త్రి కావాలని మిషను పాదిరిగారి ద్వారా కబురొస్తే, ఉప్పునీళ్ళు ఎరిగిన మనిషి మంచినీళ్ళ చెరువు ఒడ్డుకు కాపురం మార్చాడు. సికింద్రాబాదు వైపు ఒడ్డున పడవల షెడ్డు, దాని వెనక మాకు రెండు గదులు, గోడ అవతల డేరాలు కుట్టే చాచా ఇల్లు. జాగీర్దార్ల వేట డేరాలు, పెళ్ళి షామియానాలు, పటాలాల గుడారాలు కుట్టే చేతితోనే ఆయన మా క్లబ్బు తెరచాపలు కూడా కుట్టేవాడు. చాచావాళ్ళమ్మాయిదీ నాదీ ఒకే ఈడు. ఇద్దరం బడి మొహం చూడలేదు, ఆ లోటు మాకు తెలియనూ లేదు, ఎందుకంటే మాకు చేతినిండా పని ఉండేది.

ఆ పనేమిటంటే, పడవకు నీళ్ళు పోయడం. షెడ్డులో ఒక మూల పెద్ద సముద్రపు పడవ ఒకటి దుంగల మీద నిలబెట్టి ఉండేది. ఎవరో మిలిటరీ దొర, బాగు చేయించుకుందామని బొంబాయి నుంచి రైలు మీద తెప్పించి, యుద్ధానికి వెళ్ళి, తిరిగి రాలేదు. అడిగేవాళ్ళు లేకపోయినా నాన్న దాన్ని ఎండనివ్వలేదు. నీళ్ళకు దూరమైన చెక్క పడవ ఎండితే పలకలు ముడుచుకుని సందులు నోళ్ళు తెరుస్తాయి, అప్పుడిక ఎంత పత్తి కూరి గుగ్గిలం కాచి పోసినా సముద్రంలో నిలవదు అనేవాడు. అందుకని దాని ఒంటినిండా గోనెలు కప్పి, పొద్దునా సాయంత్రం చెరువు నీళ్ళు తెచ్చి మేమిద్దరం తడిపేవాళ్ళం. చాచా బీడీ కాలుస్తూ గోడ మీంచి చూసి, "ఏంది మేస్త్రీ, గీ ముసల్దానికి తాపినన్ని నీళ్ళు మా నల్లాల సుత వస్తలేవు గదనే" అని ఎగతాళి చేసేవాడు. "ముసలిదే భాయ్, మీకన్నా ఎక్కువ కాలం ఉంటుంది చూడండి" అని నాన్న నవ్వేవాడు.

పోలీసు చర్య నాటి భయం మీలో ఆ రోజులు చూసినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. ఆకాశంలో విమానం మోత వినబడితే చాలు, వీధులు ఖాళీ. చాచా కుటుంబం అంతా మా రెండు గదుల్లోకి వచ్చేసింది, అమ్మ తలుపుకు ఏసుప్రభువు పటం తగిలించింది, పెద్దవాళ్ళు గుసగుసగా మాట్లాడుకుంటుంటే మేమిద్దరం ఒకే దుప్పట్లో పడుకుని అదేదో పండగ అనుకున్నాం. మా వీధికి ఎవరూ రాలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ భయం చాచీని వదలలేదు. దూరపు ఊళ్ళో ఉండే ఆమె తల్లీ తమ్ముడూ అటునుంచి అటే కరాచీకి వెళ్ళిపోయారు. జాగీర్లు పోయాయి, డేరాల పని పోయింది. చాచీ రొట్టెలు చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి పెనం మీద చెయ్యి ఆపి, "మా అమ్మను ఒక్కసారి చూస్తే చాలు" అనేది. వెళ్దామంటే ఛార్జీలకు దారి లేదు, కాగితాలకు అంతకన్నా లేదు.

అప్పుడు ఒక రైల్వే ఇంజనీరు దొర వచ్చాడు. ఇక్కడి ఉద్యోగం అయిపోయింది, స్టీమరెక్కకుండా సొంత పడవ మీద తన దేశం వెళ్ళాలని ఆయన కల. షెడ్డులో పడవ చూసి ముచ్చటపడ్డాడు, మళ్ళీ రైలు మీదే బొంబాయి చేర్చి అక్కణ్ణుంచి సముద్రంలోకి దింపుతానన్నాడు. దారిలో తెరచాపలు చిరిగితే కుట్టే మనిషి కావాలి, చాచా వస్తే భార్యనూ బిడ్డనూ కూడా ఎక్కించుకుని ముగ్గురినీ కరాచీలో దింపుతానన్నాడు. ఒక్కటే షరతు: పడవ సముద్రానికి పనికొస్తుందని మేస్త్రి చెప్పాలి.

ఆ మాటతో చాచీ మొహం విప్పారింది. ఇంట్లో సామాన్లు పంచడం మొదలుపెట్టి, పెద్ద రాగి దేగిసా మా అమ్మ చేతిలో పెట్టింది, "దీంట్ల వండినప్పుడల్లా నన్ను యాది చేస్కో వదినా" అంటూ. చాచా పగలంతా కొత్త తెరచాప కుడుతూ కూర్చున్నాడు. నా నేస్తం మాత్రం నీళ్ళు పోస్తూ పోస్తూ చెంబు ఆపి, "నాకు గా కరాచీ నానీ గుర్తే లేదే, నేనేడికి పోను" అనేది. నేనేమనేదాన్నో నాకు గుర్తులేదు. రాత్రి ప్రార్థనలో ఏమడిగానో మాత్రం గుర్తుంది.

పడవను పరీక్ష చేసే పద్ధతి మా ఇళ్ళల్లో ఒకటుండేది. మేస్త్రి బయట నిలబడి కొయ్యసుత్తితో పలక పలకా కొట్టుకుంటూ పోతాడు, లోపల పిల్లలు అదే చోట అరచెయ్యి ఆనించి ఉంచుతారు. పెద్దవాళ్ళ చేతులు పక్కటెముకల్లాంటి ఆ కొయ్యల సందుల్లో పట్టవు. మంచి చెక్క అయితే దెబ్బ చురుక్కున అరచేతిలోకి దిగుతుంది, పుచ్చింది అయితే దెబ్బ లోపలే పడుకుండిపోతుంది. "గట్టి" అనో "మెత్తన" అనో లోపల్నుంచి కేక వెయ్యాలి. ఆ రోజు దొరా, చాచా, నాన్న బయట ఉన్నారు, మేమిద్దరం చీకట్లో గుగ్గిలం వాసన మధ్య పాకుతూ కేకలు వేశాం. గట్టి, గట్టి, గట్టి. వెనక వైపు అడుగు దూలాన్ని ఆనుకున్న పలక దగ్గర నాన్న ఆగాడు. మళ్ళీ కొట్టాడు. మా ఇద్దరి చేతులూ దాని మీదే ఉన్నాయి. గట్టి అన్నాం. ఇంకోసారి కొట్టాడు, ఈసారి చాలాసేపు ఆగి. గట్టి అన్నాం, ఇద్దరం ఒకే గొంతుతో.

"దొరగారూ, ఇది సముద్రానికి పనికిరాదండి" అన్నాడు నాన్న బయట. "ఈ వెనక పలక మెత్తబడిందండి. దీన్ని ఊడదీయాలంటే దూలం కదపాలి, కదిపితే ఈ వయసు పడవ మళ్ళీ కుదురుకోదండి."

లోపల చీకట్లో నా నేస్తం నా వైపు చూసింది. నేను దాని వైపు చూశాను. అది నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది, నేనూ నొక్కాను. అంతకు ముందుగానీ ఆ తరువాతగానీ నేను అంత సంతోషపడిన రోజు లేదు, ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

బయట నాన్న కొయ్యసుత్తి కింద పెట్టిన చప్పుడైంది. తరువాత చాచా గొంతు వినబడింది. "నువ్వు వద్దంటే వద్దే మేస్త్రీ. పిల్లలు ఏదో అంటరు, నీ చెయ్యి అబద్ధం ఆడదు గదా."

దొర స్టీమరెక్కి వెళ్ళిపోయాడు. అమ్మ ఆ రాగి దేగిసాను తోమి నా నెత్తిన పెట్టి పంపింది. చాచీ దాన్ని రెండు చేతులా అందుకుని పొయ్యి పక్కన దాని పాత చోటులోనే పెట్టింది. కొన్నేళ్ళకు కరాచీ నుంచి ఆమె తల్లి పోయిన కబురు, అదీ ఎవరో చెబితే, ఆలస్యంగా తెలిసింది. ఆ రోజు మా అమ్మ వాళ్ళింట్లోనే వండిపెట్టి వచ్చింది. నాన్న గోడ దాటి వెళ్ళలేదు, పొద్దుపోయేదాకా ఆ పడవ గోనెలు తనే తడుపుతూ ఉండిపోయాడు.

నాన్న ఎందుకలా అన్నాడో నేను అడగలేదు. ఆయన తమ్ముడొకడు పడవతో సహా సముద్రంలో పోయాడని అమ్మ చెప్పింది. పిల్లతో సహా ఆ ముగ్గురినీ నీళ్ళ మీదకు పంపడానికి భయపడ్డాడా, గోడ అవతలి మనిషి లేకుండా ఉండలేకపోయాడా, లేక మా చేతులకు తెలియని మెత్తదనం ఏదైనా ఆయన చెవికి వినబడిందా? అమ్మనడిగితే, "నాకూ చెప్పలేదే. చెబితే నేను మోయలేననుకున్నాడేమో" అంది.

తరువాత క్లబ్బు చేతులు మారింది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పాత పడవను విరగ్గొట్టి వంటచెరకుకు ఇచ్చేయమన్నారు. విరగ్గొట్టినది నాన్నే. చాచా తోపుడుబండి తెచ్చుకున్నాడు, గుడారాల మేకులకు పనికొచ్చే ముక్కలు ఏరుకుందామని. వెనక అడుగు పలక మీద రంపం పెట్టేసరికి పసుపురంగు పొడి రాలింది, షెడ్డంతా టేకు వాసన. చాచా వంగి పలకను తిప్పి చూశాడు, గోటితో గీశాడు, గీత పడలేదు.

"జెర మంచిగనే ఉన్నట్టుంది గదా మేస్త్రీ, గిది" అన్నాడు.

నాన్న రంపం ఆపలేదు, తల ఎత్తలేదు. చాచా కొద్దిసేపు చూసి, "పోనీ తియ్, మంచిదే అయింది. నాకు కూసునెతందుకు పీట లేదు" అని ఆ పలకను బండి మీద వేసుకుపోయాడు. కార్ఖానా బస్తీలో చిన్న దుకాణం పెట్టి, పరుపులూ దుకాణాల ముందు కట్టే పరదాలూ కుడుతూ, కడదాకా దాని మీదే కూర్చున్నాడు. నేనూ నాన్నా ఆ దారిన పోయినప్పుడల్లా చాచా లేచి నిలబడి, పలకను చేత్తో తుడిచి, "రా మేస్త్రీ, కూసో" అనేవాడు. నాన్న ఏనాడూ కూర్చోలేదు. నిలబడే చాయ్ తాగి వచ్చేవాడు.

నా నేస్తం మారేడ్‌పల్లికి కోడలైంది. మనవలు పుట్టాక, మిషను హాలులో ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పుతున్నారంటే ఇద్దరం పక్కపక్కన కూర్చుని పలక మీద దిద్దుకున్నాం. నా చెయ్యి వంకర పోతే అది చిటికెన వేలితో సరిచేసేది. అన్ని మాటలూ మాట్లాడుకున్నాం, ఆ పడవ లోపలి చీకటి సంగతి తప్ప. దానికి తల్లి కన్నీళ్ళు గుర్తొచ్చేవేమో, నాకు తండ్రి మొహం. పోయినేడు అదీ వెళ్ళిపోయింది. ఇక ఆ "గట్టి" విన్నవాళ్ళు గానీ అన్నవాళ్ళు గానీ నేను తప్ప లేరు.

మనవరాలికి చెప్పాను చివరికి: అడుగున నిలిచిన నీళ్ళలో వేలు ముంచి నాకి చూడు, ఉప్పగా ఉంటే బయటి నీళ్ళు లోపలికి వస్తున్నట్టు, కొత్త రంగు చూసి మురవకు, దాని కింద ఏం దాచారో చూడు, మేకుల తలల చుట్టూ నలుపు ఉందేమో చూడు, లోపల ఒకరిని కూర్చోబెట్టి అరచెయ్యి ఆనించమను. అది నవ్వింది. ఇప్పటి పడవలు చెక్కవి కావట, ఫైబరువట, నీళ్ళు పోయనక్కర్లేదట, లోపల చెమ్మ ఉందో లేదో ఒకాయన మీటరు తెచ్చి పెట్టి చెబుతాడట.

"ఆ మీటరు మాట నమ్ముతారా?" అన్నాను.

"అదెందుకు అబద్ధం చెబుతుంది అమ్మమ్మా?"

నిజమే. దానికి గోడ అవతల ఎవరూ ఉండరు, రాగి దేగిసా ఇచ్చే చాచీ కూడా ఉండదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, పెట్టెలో పడుకుంటుంది. ఈ పిల్లలు దాని మాట మీద వెళ్తారు, వస్తారు, ఎవరినీ తప్పుపట్టకుండా, ఎవరికీ రుణపడకుండా. అది మంచిదే అని నాకు నేను చెప్పుకుంటున్నాను. పిల్ల వెళ్ళిపోయాక చూసుకుంటే, నా అరచెయ్యి కుర్చీ చెక్కకు ఆనించి ఉంది, ఎవరో బయట నిలబడి ఇంకోసారి కొడతారని ఎదురుచూస్తున్నట్టు. ఎన్నిసార్లు కొట్టినా అది గట్టిదే నాన్నా.