చలపతిరావుగారి మెట్టు

చలపతిరావుగారికి దేవుడి మీద ఎంత నమ్మకమో, మెషీన్ల మీద అంత అనుమానం. కోకాపేటలో ఒక అద్దాల టవరు కింది అంతస్తులో ఉన్న మా ల్యాబును ఆయన ఆ రెంటితోనే నడుపుతారు. ఊరు తణుకు దగ్గర, ఇల్లు ప్రగతి నగర్‌లో. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఎవరెవరి పరిశోధనలకో కొలతలు తీసిచ్చారు. ఫలానాది చలపతిరావు కనిపెట్టాడని మాత్రం ఎవరూ అనలేదు. ఎవరి పేపరైనా అచ్చయితే ముందు చివరి పేజీ తిప్పి, కృతజ్ఞతల్లో తన పేరుందేమోనని చూసుకునేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

మా పని చెబుతాను. ద్రావణాన్ని సన్నటి గాజు గొట్టంలో పోసి అయస్కాంతంలో పెడతాం. అణువుల్లోని బుల్లి బుల్లి అయస్కాంతాలు బుద్ధిగా వరస కడతాయి. వాటిని చెదరగొట్టి, మళ్ళీ సర్దుకోవడానికి ఎంతసేపు పడుతుందో కొలుస్తాం. ఆ అయస్కాంతం ఫీల్డు బలం తగ్గించి మళ్ళీ అదే పని, ఇంకా తగ్గించి మళ్ళీ అదే. మేనేజరు బయటికెళ్తే చెదిరిన జనం, ఆయన రాగానే సీట్లలో సర్దుకున్నట్టన్నమాట. మేనేజరు గట్టితనాన్ని బట్టి సర్దుకునే వేగం మారుతుంది. ఈ పనికి పెద్ద శత్రువు గాలిలోని ఆక్సిజన్. అది ద్రావణంలో కలిస్తే తనూ ఒక అయస్కాంతమై అందర్నీ తొందరపెట్టేస్తుంది. అందుకే ముందే నైట్రోజన్ ఊది దాన్ని తరిమేసి, గొట్టాలకు గట్టిగా మూతలు బిగిస్తాం.

మొన్న దసరాకి ఒక క్లయింటు పని సగంలో ఉంది. బలమైన ఫీల్డుల్లో కొలవడం అయిపోయింది, బలహీనమైనవి మిగిలాయి. ఆయుధపూజ నాడు బొట్టు పెట్టిన మెషీన్‌తో పని చేయించకూడదు గనక ఆపేశాం. చలపతిరావుగారు పట్టుపంచె కట్టుకొచ్చి, గొట్టాలను కూడా అమ్మవారి ముందు పెట్టారు. మూత పెట్టిన నైవేద్యం అమ్మవారికి ఎలా చేరుతుందని మూతలు తీశారు. దీపం కొండెక్కేదాకా అలాగే ఉంచి, తర్వాత భద్రంగా బిగించేశారు. కెమిస్ట్రీ చదివి చదివి జుట్టు ఊడిపోయినవాళ్ళం అంతమందిమి అక్కడే ఉన్నాం. మా కళ్ళన్నీ పులిహోర మీదే ఉన్నాయి.

పండుగయ్యాక బలహీనమైన ఫీల్డుల్లో కొలిస్తే, నున్నగా సాగాల్సిన గీత ఉన్నట్టుండి మెట్టెక్కింది. అణువులు ఎవరూ అనుకోనంత తొందరగా సర్దుకుంటున్నాయి. ఇలాంటిది ఇంతవరకు ఎవరూ చూడలేదని చలపతిరావుగారు తేల్చారు. మా కుర్ర మేనేజరు లోహిత్ ఆగలేక క్లయింటుకి చెప్పేశాడు. పేపరు కూడా రాద్దామని, మొదటి పేరు మీదేనని చలపతిరావుగారితో అన్నాడు. ఆయన భార్య రాజరాజేశ్వరిగారు అపార్టుమెంటంతా సున్నుండలు పంచారు. ఆయన నడకే మారిపోయింది. ఎప్పుడూ అందరికీ దారిచ్చే మనిషి, లిఫ్టులోకి ముందు తనే ఎక్కడం మొదలుపెట్టారు.

క్లయింటు మీటింగు రోజు పొద్దున ఆ గ్రాఫును చూస్తుంటే నాకు ఒకటి తట్టింది. దసరాకి ముందు కొలిచినవన్నీ మెట్టు కింద, తర్వాత కొలిచినవన్నీ మెట్టు పైన ఉన్నాయి. నాది చందానగర్, నోరు ఊరుకోదు.

"సార్, జర ఒక మాట. పండుగకు ముందు కొలిచిన ఫీల్డు ఒకటి మళ్ల పెట్టి చూద్దమా?" అన్నాను.

ఆయన నావంక చూశారు. వద్దంటే అడిగేవాళ్ళు లేరు. గొట్టం తీసి తనే మెషీన్‌లో పెట్టారు. బలమైన ఫీల్డులో కూడా అణువులు తొందరపడ్డాయి. పాత కొలతకూ దీనికీ పొంతనే లేదు. ఆయన గొట్టం బయటికి తీసి, మూత మీద బొటనవేలు పెట్టి నొక్కి చూశారు.

"పూజలో నేనే వీటి మూతలు తీశాను కృష్ణప్రియా," అన్నారు. "ఈ నాలుగు రోజులూ చాలా బాగుందమ్మా," అన్నారు.

నోరు మూసుకునుంటే నా సొమ్మేం పోయేదని నన్ను నేను తిట్టుకున్నాను.

లోహిత్‌కి చెబితే వాడి మొహం మాడిపోయింది. ఇవాళ్టికి ఈ సంగతి ఎత్తకండి, తర్వాత మెల్లగా సర్దుకుందాం అన్నాడు. చలపతిరావుగారు తలూపారు. ఒప్పుకున్నారనే నేనూ అనుకున్నాను. తీరా మీటింగులో తెర మీద గ్రాఫు పడగానే ఆయన లేచి నిలబడ్డారు.

"ఈ మెట్టు అణువులది కాదండి. ఆక్సిజన్‌ది. దాన్ని లోపలికి రానిచ్చింది నేను. తక్కువ ఫీల్డులన్నీ మళ్ళీ కొలిచి ఇస్తాం."

ఎలా రానిచ్చారని ఒకాయన అడిగాడు. పూజ సంగతి, నైవేద్యం సంగతి ఉన్నదున్నట్టు చెప్పారు. గది గదంతా నవ్వింది. ఇన్నేళ్ళూ ఆయన్ని చూసి అందరికంటే ఎక్కువగా నవ్విన నాకు, ఆ నవ్వేవాళ్ళ మీద ఒళ్ళు మండిపోయింది.

బయటికి రాగానే ఫోను మోగింది. రాజరాజేశ్వరిగారు. క్లయింటు ఏమన్నాడని అడిగినట్టుంది.

"లేదే, అది తప్పని తేలింది," అన్నారు. ఆవిడ ఇంకేదో అడిగింది. ఆయన కొంచెం తడబడ్డారు.

"ఆ తప్పు ఎవరు కనిపెట్టారంటావేంటి? నేనే కనిపెట్టాను."

అవతల ఆవిడ ఏమందో నాకు వినపడలేదు. ఆయన గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.