నేను ఎంచి ఇచ్చిన పాట

పదమూడేళ్లుగా ఒక తప్పును మోస్తా ఉన్నాను. నా భార్యకు తెలియదు. మా పాస్టరుగారికి తెలియదు. మీకు చెప్తాను, ఎందుకంటే మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇది ధైర్యమని అనుకోకండి. పోయిన ఆదివారం నుంచి నాకు అన్నం సయించడం లేదు. గేటు చప్పుడైతే చాలు, లేచి కిటికీలోంచి చూస్తాను.

మాది ఊరిగాం, బంగారు గనుల ఊరు. నాయన గనిలో పని చేసినాడు. గనులు మూసేసినాక మా లైన్లలో, అంటే గనివాళ్ల ఇళ్ల వరసల్లో, మగవాళ్లంతా పొద్దున రైలెక్కి బెంగళూరు పోయి ఏదో ఒక పని చూసుకున్నారు. నేను అదే రైల్లో పోయి జపాన్ భాష నేర్చుకున్నాను. మాలూరు దగ్గర జపాన్ వాళ్ల ఫ్యాక్టరీ ఒకదాంట్లో దుబాసీ పని దొరికింది. సామ్యేలు అక్కడే మెషిన్ మీద పని చేసేవాడు. మా వీధివాడే, నా ఈడువాడే. కాంట్రాక్టు మనిషి. మా చర్చి కాయిర్‌లో వాడు పాడతాడంటే పక్క చర్చివాళ్లు కూడా వచ్చి కూర్చునేవాళ్లు.

మా పెద్దసారు ఇషిదాగారు. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. ఆయనకు ఎన్‌కా పాటలంటే ప్రాణం. అవి జపాన్ వాళ్ల పాతకాలపు పాటలు. ఓడరేవు, మంచు, ఎడబాటు, వదిలొచ్చిన ఊరు, ఇవే ఉంటాయి వాటిలో. గొంతు వణికిస్తా, లాగి లాగి పాడాల. ఏడాదికొకసారి ఒక ఆదివారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో కరవోకే పెట్టేవాళ్లు. మెషిన్ వాద్యం వాయిస్తుంది, తెర మీద మాటలు వస్తాయి, మైకు పట్టుకొని మనం పాడాల. ఆ లిపి మనవాళ్లకు రాదు. అందుకని ఎవరికి ఏ పాటో ఎంచి, తెలుగు అక్షరాల్లో రాసిచ్చి, అర్థం చెప్పి నేర్పించే పని నాది. ఒక్కొక్కరి గొంతు చూసి పాట ఎంచేవాణ్ణి. లక్కూరు నుంచి వచ్చే వాచ్‌మన్ తాతకు ఒక తాగుబోతు పాట ఎంచిస్తే క్యాంటీనంతా పడీ పడీ నవ్వింది. ఆ పని నాకు ఎంత ఇష్టంగా ఉండేదో. అదే పనితో ఒకరి బతుకు చెడగొడతానని అప్పుడు నాకు తెలుసా?

ఆ ఏడాది ఒక మాట బయటికొచ్చింది. ఇషిదాగారు తన ఊరి ఫ్యాక్టరీకి ఇక్కణ్నుంచి ఒక్కరిని శిక్షణకు తీసుకుపోతారని. అది నేనే అనుకున్నాను. భాష వచ్చినవాణ్ణి నేను కదా. ఒకరోజు సామ్యేలు మెషిన్ దగ్గర తనలో తాను పాడుకుంటా ఉంటే ఆయన నిలబడి విన్నాడు. "ఇతనికి చెయ్యీ గొంతూ రెండూ నిలకడ. భాష అక్కడికొచ్చి నేర్చుకోవచ్చు" అన్నాడు నాతో. ఆ మాట సామ్యేలుకు తెలుగులో చెప్పాల్సింది నేను. చెప్పలేదు. "సారు పని బాగుందన్నాడు" అని ఊరుకున్నాను. తప్పు అక్కడ మొదలైందా? అంతకు ముందే, వాడు పాడితే జనం కళ్లు తుడుచుకోవడం చూసిన ప్రతిసారీ, కొంచెం కొంచెంగా మొదలైందా? నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంకొక సంగతి నాకొక్కడికే తెలుసు. అంతకు ముందు చలికాలంలో ఇషిదాగారి భార్య పోయింది. జబ్బు ముదిరిందని కబురు వస్తే టికెట్టు కోసం ఫోన్లు చేసింది నేనే. ఆయన చేరేలోపలే ఆమె ప్రాణం పోయింది. తిరిగొచ్చినాక, ఎవరికీ చెప్పొద్దు అన్నాడు. నేను తల వంచి ఒప్పుకున్నాను.

"నాకు మంచిది ఒకటి ఎంచప్పా, సారు మనసు నిండాల" అని సామ్యేలు అడిగినాడు. రెండు రోజులు వెతికినాను. ఒక పాట దొరికింది. అందులో ఒక ఆడమనిషి మంచు కురిసే రేవులో మొగుడి ఓడ కోసం కాచుకొని ఉంటుంది. ఓడ వచ్చేలోపల చచ్చిపోతుంది. రాలేకపోయినాను, మన్నించు అని మొగుడు పాడతాడు. పొరపాటున ఎంచినానని మీకు చెప్పొచ్చు. మీరు నమ్ముతారు కూడా. కాదు. తెలిసే ఎంచినాను.

మొదటిసారి విని సామ్యేలు నా మొహం చూసినాడు.

"ఇదేంది, ఏడుపు మాదిరి ఉండాదే?"

"ఆ పాటలన్నీ అట్లే ఉంటాయి. ఓడ తిరిగొచ్చే పాట ఇది. సంతోషమైనదే."

"నిజంగానా? నాకు ఒక్క ముక్క తెలియదు. తప్పైతే పరువు పోతాది."

"నన్ను నమ్మప్పా."

నమ్మినాడు. నెల రోజులు ఇంట్లో సాధన చేసినాడు. వాడి కూతురు జెస్సీకి అప్పుడు ఐదేళ్లు. వాడి వెంటే తిరుగుతా అదీ పాడేది.

ఆ ఆదివారం సామ్యేలు నవ్వుతా పాడినాడు. సంతోషమైన పాట అని నేను చెప్పినాను కదా. నువ్వు చచ్చిపోయినావు, నేను రాలేకపోయినాను అని, పళ్లన్నీ కనబడేటట్టు నవ్వుతా, అంత చక్కని గొంతుతో. ఇషిదాగారు చేతిలోని కప్పు కింద పెట్టినాడు. లేచి బయటికి పోయినాడు. కిటికీలోంచి చూస్తే ఎండలో మెట్ల మీద కూర్చొని ఉన్నాడు. అప్పుడే పరిగెత్తి పోయి, తప్పు నాది సార్ అని ఉండొచ్చు. పోలేదు. వాద్యం ఆగేదాకా నేనూ చప్పట్లు కొట్టినాను.

సోమవారం ఆయన నన్ను పిలిచినాడు.

"ఆ పాట ఎవరు ఎంచినారు?"

"అతనే ఎంచుకున్నాడు సార్."

"నా భార్య సంగతి అతనికి తెలుసా?"

తెలియదు సార్ అంటే చాలు. రెండు మాటలు. నేను తల దించుకున్నాను. నా మౌనంలో ఆయన జవాబు తీసుకున్నాడు, ఎట్లా తెలిసిందని అడగలేదు.

సామ్యేలుకు కాంట్రాక్టు మళ్లీ ఇవ్వలేదు. కారణం ఎవరూ చెప్పలేదు. జపాన్‌కు నేను పోయినాను. అక్కడ ఒకరోజు ఇషిదాగారు నన్ను భార్య సమాధి దగ్గరికి తీసుకుపోయి, దండం పెట్టమన్నాడు. పెట్టినాను. ఆమె లేచి నా పేరు పెట్టి పిలుస్తుందేమో అన్నంత భయం వేసింది.

సామ్యేలు ఇప్పుడు బేతమంగళ బస్సులో కండక్టరు. ఉద్యోగం పోయినందుకు కాదు నా బాధ. వాడు కాయిర్ మానేసినాడు. "నా గొంతే సరిలేకపాయె అప్పా, సారు లేచి పోయినాడు చూడు" అని నాతోనే అన్నాడు. చర్చిలో చివరి బెంచీలో కూర్చొని పెదాలు మాత్రం కదిలిస్తాడు. నేను ముందు బెంచీలో కూర్చుంటాను. వెనక్కి తిరగను.

మూడు నెలల కింద వాడే జెస్సీని మా ఇంటికి పిలుచుకొచ్చినాడు. జపాన్ భాష నేర్పమన్నాడు. కాదనడానికి నా దగ్గర ఏ సాకూ లేకపోయింది. పోయిన ఆదివారం ఆ పిల్ల పుస్తకం మూసి అడిగింది.

"మామా, నాయన పాడిన జపాన్ పాట నాకు ఇంగా గుర్తుండాది. సగం మాటలు ఇప్పుడు తెలుస్తా ఉండాయి. అందులో చచ్చిపోవడం అనే మాట యాడ నుంచి వచ్చె? ఓడ తిరిగొచ్చే పాట కదా?"

"అది పాత భాషమ్మా. అర్థం వేరే."

మళ్లీ అబద్ధం. ఎంత సులువుగా వచ్చిందో. ఆ పిల్ల పుస్తకం చేతికి తీసుకొని, "సరే మామా. పాటంతా రాసి తెస్తా, మీరే అర్థం చెప్పండి" అని పోయింది.

రేపు ఆదివారం. చర్చి అయినాక వస్తుంది. నేనేం చెప్తానో నాకు తెలియదు. నన్ను నేనెరుగుదును, భయం వేస్తే నా నోరు అబద్ధమే ఆడుతుంది. అందుకే ఒక్కసారైనా నిజం నా చేత్తో రాయాలనుకున్నాను. ఆ పాట సామ్యేలు ఎంచుకోలేదు. నేను ఎంచినాను, తెలిసి ఎంచినాను. వాడి గొంతులో ఏ లోపమూ లేదు.

రాసినాను. ఇప్పుడు కొంచెం ఊపిరి ఆడతా ఉంది.