యాభై ఒకటో పేజీలో ముద్ర

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో నాలుగు పుస్తకాలు కొనాల్సి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద పాతవి అడిగితే, వాటి ధర కూడా నాకు అందలేదు. మా హాస్టల్లో ఎదురుగదిలో ఉండే సీనియర్‌ని నేను అక్కా అని పిలిచేదాన్ని. మా నల్గొండ వైపు అమ్మాయే. మొదటి ఏడాది నాకు జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయి, సెలైన్ ఎక్కినంతసేపూ పక్కనే కూర్చుంది.

"కొత్తవెందుకే? నావి తీస్కో. సగం పైసలియ్యి చాలు," అంది.

ఏ పుస్తకానికీ మొదటి పేజీ లేదు. అడిగితే తమ్ముడు చింపాడంది. నగదు చేతిలో పెట్టి పుస్తకాలు తెచ్చుకున్నాను. ఊళ్లో ట్రాక్టరు నడిపే నాన్నకు ఫోన్ చేసి చెబితే సంతోషపడ్డాడు. "ఆ పిల్లను ఒకసారి ఇంటికి తోల్కరా బిడ్డా, అన్నం పెడదాం," అన్నాడు.

ఒకరోజు కాలేజీ లైబ్రరీలో వాటిని ముందేసుకుని చదువుతుంటే లైబ్రేరియన్ నా దగ్గర ఆగాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి సైదాబాద్‌లో స్థిరపడిన పెద్దాయన.

"ఈ పుస్తకం మీకెక్కడిదమ్మా?"

"మా సీనియర్ దగ్గర కొన్నాను సార్."

ఆయన యాభై ఒకటో పేజీ తీశాడు. బైండింగులోకి దాదాపు దూరిపోయి, చిన్న ఊదా రంగు ముద్ర. మా కాలేజీదే. "మొదటి పేజీ చింపేవాళ్లుంటారని లోపల కూడా వేస్తామమ్మా," అన్నాడు మెల్లగా. మిగతా మూడింటిలోనూ అదే పేజీలో అదే ముద్ర.

విషయం మా డిపార్ట్‌మెంట్ హెచ్ఓడీ మేడమ్ దాకా వెళ్లింది. నేనుండగానే ఆమె గదిలోకి అక్కను పిలిపించారు. అక్కను చూడగానే నా ప్రాణం కుదుటపడింది.

"అక్కా, నువ్వే ఇచ్చినవని చెప్పక్కా."

ఆమె నా వైపు చూడలేదు. "నేనియ్యలేదు మేడం. ఒక్కటే హాస్టల్, గంతే. గీమె బుక్స్ సంగతి నాకు తెల్వది." గొంతు కొంచెం కూడా వణకలేదు.

మర్నాడు కాలేజీవాళ్లు పిలిపిస్తే నాన్న వచ్చాడు. మేడమ్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జరిమానా కట్టి, పుస్తకాలు అప్పజెప్పి బయటికొచ్చాక కారిడార్‌లో గొంతు తగ్గించి అడిగాడు: "నువ్వైతే తియ్యలే గదా బిడ్డా?"

తియ్యలేదన్నాను. ఆయన తలూపాడు. కానీ ఆ ప్రశ్న ఆయన నోటి నుంచి రావలసి వచ్చినందుకు, అక్కను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

వారం తర్వాత ఆమె నా గదికొచ్చింది. "నువ్వు చిన్నదానివి, మందలించి ఇడ్సిపెడ్తరనుకున్న. నా పేరు బయటపడితే వచ్చిన జాబ్ పోతుండె. జర అర్థం చేస్కో."

"మా నాయన ఒచ్చిండక్కా."

"తెల్సు. సూసిన."

చూసిందట. ఆయన అట్లా నిలబడి ఉండగా మేడమ్ గది తలుపు ముందు నుంచే నడిచి వెళ్లిందట. నెలాఖరుకు ఎల్బీనగర్‌లో వేరే హాస్టల్‌కు మారిపోయాను.

పరీక్షలకు లైబ్రరీలోనే కూర్చుని చదివాను. కావలసిన పుస్తకం పేరు చెబితే పెద్దాయనే లోపలి నుంచి తెచ్చిచ్చేవాడు. ఆయన నన్ను నమ్మాడో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం చాలలేదు.