బావ ఒప్పుకోని ఏడు

పోయిన అమావాస్య నాడు పొద్దున మా బావ గద్వాల దవాఖానలో కన్నుమూశాడు. పోతూ పోతూ కూడా నా మాట ఒప్పుకోలేదు. నా కోపం ఇప్పటిది కాదు. మా ఇద్దరి మీసాలు నల్లగా ఉన్న రోజుల నుంచి చాయ హోటల్‌లో పదిమంది ముందు, "మా బామ్మర్ది జమ జేసిందంత తవుడే" అంటూ వచ్చాడు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను. కానీ ఈ సంగతి పక్కన పెట్టి మాత్రం చెప్పలేను.

బావ అంటే మా అక్క పెనిమిటి. మా ఇద్దరికీ ఒకటే పిచ్చి, అగ్గిపెట్టెల మీది బొమ్మలు. నవ్వేవాళ్ళు నవ్వండి. అప్పట్లో పెట్టెలు పలుచటి చెక్కతో చేసేవాళ్ళు. బొమ్మ కాగితం మీద అచ్చేసి పైన అతికించేవాళ్ళు. నీళ్ళలో వేస్తే నానుతుంది, మెల్లగా ఊడుతుంది, చాటలో ఆరబెట్టుకోవచ్చు. నాకు ఓపిక తక్కువ. గోటితో లాగి ఎన్ని చింపానో. బావ నా చేతి మీద ఒకటి వేసేవాడు. "బలిమి జేస్తె చినుగుతదిరా. నీళ్ళకు ఇడిసిపెట్టు, అదే వస్తది" అనేవాడు. పొలం పంచాయితీలోనూ అదే మాట, పిల్లల మొండితనానికీ అదే మాట. తరువాత అట్ట పెట్టెలు వచ్చాయి. బొమ్మ అట్ట మీదే అచ్చయి వచ్చింది, ఇక ఊడదు. ఆనాడే మా పని అయిపోయింది. అట్ట పెట్టె చేతికిస్తే బావ బీడీ కూడా ముట్టించుకునేవాడు కాదు, పక్కవాడి బీడీ నిప్పుతో అంటించుకునేవాడు.

ఆ తరువాత మాకు మిగిలింది కొట్లాటే. బొమ్మలకు ఏ ఏడు మంచిది? నేను కరువు ఏడు అన్నాను, ఆయన మరుసటి వానల ఏడు అన్నాడు.

నా మాట వినండి. కరువు ఏడు మా దిక్కు జొన్న కూడా మొలవలేదు. మేమిద్దరం బొంబాయి దిక్కు ఒక ఆనకట్ట పనికి పోయాం. అక్కడ తట్ట మోసేవాళ్ళలో కన్నడంవాళ్ళు, మరాఠీవాళ్ళు, అరవంవాళ్ళు, ఒడియావాళ్ళు అందరూ ఉన్నారు. ఒక్కొక్కరి మొలలో ఒక్కొక్క తీరు అగ్గిపెట్టె. మాకు మన అక్షరాలే సరిగ్గా రావు, ఇక ఏ భాష అయితే ఏంటి? బొమ్మను చూసి ఇది ఫలానా దిక్కుది అని చెప్పేవాళ్ళం. ఎవరైనా బీడీ తీస్తే చాలు, బావ చెయ్యి చాచేవాడు. ఖాళీ పెట్టె ఆ చేతిలో పడేది. భాష రాకపోయినా అందరికీ అర్థమయ్యేది. ఆ ఏడు నాకంటే ఎక్కువ జమ చేసింది ఆయనే.

ఆ పనిలో ఉండగానే ఆయన తల్లి పోయింది. కబురు అందేసరికి ఇక్కడ ఊళ్ళో మట్టి చేయడం కూడా అయిపోయింది. బావ తట్ట దించి కొంచెంసేపు కూర్చున్నాడు. లేచి మళ్ళీ ఎత్తుకున్నాడు. ఆ సాయంత్రం తన బొమ్మలన్నీ తెచ్చి నా ఒడిలో పోసి వెళ్ళాడు. మళ్ళీ అక్కడ ఎవరి ముందూ చెయ్యి చాచలేదు.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. ఎవరూ వలస పోలేదు. బావ మళ్ళీ మొదలుపెట్టాడు. ఏం దొరుకుతాయి గద్వాల కిరాణాల్లో? అదే నెమలి, అదే తాళంచెవి, అవే రెండు చేపలు. అయినా ఆయనకు ఆ ఏడే మంచిది. ఇంటికాడ దొరికిందే బొమ్మ, పొట్ట చేతపట్టుకొని పోయి ఏరింది చెత్త అనేవాడు. నేను వదిలేవాడిని కాదు. మా గొడవకు చాయ హోటలాయన విసిగిపోయి, "మీ రెండేండ్లు ఎప్పుడో పోయినయి పెద్దమనుషులూ, చాయ సల్లారుతది, తాగున్రి" అనేవాడు. రోజూ అదే గొడవ. ఒకరోజు ఆయన రాకపోతే నాకు తోచేది కాదు.

దవాఖానలో ఆఖరి రోజు కూడా నేనే ఆ గొడవ ఎత్తాను, హుషారవుతాడని. ఇప్పటికైనా ఒప్పుకో, కరువు ఏడే కదా అన్నాను. ఆయన నా దిక్కు తిరిగాడు.

"ఆ ఏడు మంచిదంటె మా అమ్మ ఊకుంటదారా?" అన్నాడు.

తల్లి సంగతి వేరు, బొమ్మల సంగతి వేరు అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. ఆయన గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. తెల్లారి ఫోన్ వచ్చింది.

మూడోనాడు చేనులో పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడటం మా దిక్కు ఆచారం. ముట్టకపోతే పోయినాయన మనసులో ఏదో మిగిలిందని అర్థం. జొన్నరొట్టె, కోడికూర, కల్లు, బీడీ పెట్టారు. బీడీ పక్కన ఎవరో కొత్త అట్ట పెట్టె పెట్టారు. నేనే తీసి పారేశాను. కాకి చెట్టు మీదే ఉంది. దిగలేదు. కొడుకులు ఒక్కొక్కరే చేతులు జోడించి మొక్కారు. అమ్మను చూసుకుంటామన్నారు, చేను అమ్మేది లేదన్నారు. దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. అప్పుడు అందరూ నా వైపు చూశారు. అక్క దగ్గరికి వచ్చింది.

"నీ ఏడే మంచిది బావా అని ఒక్క మాట అనురా. నీదేం పోతది?"

"అబద్ధం జెప్పి సాగనంపమంటవా అక్కా?"

అక్క పోయి ఆకు ఎత్తింది. అది ఆవుకు పెట్టి ఇంటికి వచ్చాం. పదకొండో దినం కూడా అంతే అయింది.

నేను ఇట్లాంటివి నమ్మేవాడిని కాదు. ఈ మధ్య కాకులే తక్కువయ్యాయి. కానీ పదకొండో దినం నుంచి మా ఇంటి పిట్టగోడ మీద పొద్దున్నే ఒక కాకి వచ్చి వాలుతుంది. అరవదు. మెతుకులు వేస్తే ముట్టదు. నేను లోపలికి పోతే కిటికీ దిక్కుకు జరుగుతుంది. నిన్న హోటల్‌లో పక్కాయన బీడీ ముట్టించుకుంటుంటే నా చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. ఆ చెయ్యి నాది కాదనిపించింది. ఆయన తన అట్ట పెట్టె అందులో పెట్టాడు. పారేయబుద్ధి కాలేదు.

నా డబ్బాలో కరువు ఏటి బొమ్మలున్నాయి. మంచివాటిలో సగం బావ ఇచ్చినవే. తీసి చూస్తే ఇప్పటికీ అవే మంచివి, నేనేం చేయను?

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు ఆ వానల ఏడు బొమ్మలు ఏరినవాళ్ళు ఇంకా బతికి ఉంటే తీసుకొని రండి. నా దగ్గర లేనిది ఒక్కటి చూపించండి చాలు. అందరి ముందు ఓడిపోయానని ఒప్పుకుంటాను. మొండివాడిని అన్నా పడతాను, బావ బొమ్మలు ఉంచుకున్నందుకు దొంగను అంటే పడను. లేదంటే, పోయినవాడికి చెప్పే అబద్ధం అబద్ధం కాదని తెలిసినవాళ్ళు ఎవరైనా నా ఎదురుగా కూర్చొని చెప్పండి.

వచ్చే అమావాస్య నాడు నెల మాసికం. చేనులో మళ్ళీ ఆకు వేస్తారు, అక్క మళ్ళీ నా పక్కనే నిలబడుతుంది. ఆ పొద్దుటిలోగా నాకు జవాబు కావాలి. కాకి చెట్టు మీద కూర్చొని నా నోటి దిక్కే చూస్తుంటుంది. ఏమని చెప్పాలి?