గడ్డకట్టకూడని తొట్లు

మా అన్నయ్యకు ఇద్దరు పెళ్లాలని నేను ఎగతాళి చేసేదాన్ని. ఒకరు వదిన, రెండోది అల్యూమినియం ఫ్యాక్టరీలో ఆయన చూసుకునే తొట్ల వరస. ఇంట్లో ఎప్పుడూ రెండోదాని మాటే చెల్లేది.

ఎర్రమట్టిలాంటి ఖనిజాన్ని వేరేచోట శుద్ధి చేసి, తెల్లటి పొడిగా లారీల్లో పంపేవారు. చూడ్డానికి అచ్చం పంచదారే. ఆ పొడిని తొట్లలో నిప్పులా మరిగే లవణాల్లో కరిగించి రాత్రింబవళ్లు కరెంటు పారిస్తే, లోహం విడిపోయి అడుగున చేరుతుంది. పైన కట్టిన పెచ్చు పగలగొట్టి పొడి వెయ్యడం, అడుగున చేరిన లోహాన్ని తోడించడం అన్నయ్య పని. కరెంటు కొన్ని గంటలు ఆగిందా, తొట్టి మొత్తం బండరాయే. ఆయన చేరిన కొత్తలో ఓసారి అలాగే అయింది. గడ్డకట్టిన తొట్లను డ్రిల్లుతో పగలగొడుతూ ఏడ్చాడట. ఆ భయం ఆయన్ని ఇక వదల్లేదు.

వదినకు కళ్ల జబ్బు. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తుందనీ, ఆపే మందు లేదనీ డాక్టరు చెప్పాడు.

"ఏమండీ, చూపుండగా ఒక్కసారి సముద్రం చూపించండి," అని అడిగింది. పెళ్లయ్యాక ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. సముద్రమేమీ లోకం అవతల లేదు. పొద్దున రైలెక్కితే సాయంత్రానికి చేరుకోవచ్చు.

"వెళ్దాంలేవే. కొత్తవాళ్లకి తొట్లు అప్పజెప్పి ఎలా రాను? గడ్డకట్టాయంటే?"

ఈ "వెళ్దాంలే" ఏళ్ల తరబడి సాగింది. నేను తీసుకెళ్తానంటే వదిన ఒప్పుకునేది కాదు. "మీ అన్నయ్య పక్కన లేకుండా ఏం చూస్తానమ్మా," అనేది. నాకు ఇద్దరిమీదా ఒళ్లు మండేది. ఇంతలో ఆవిడ కూర తరుగుతూ వేళ్లు కోసుకోవడం మొదలైంది. తర్వాత గోడ పట్టుకుని నడిచేది. చివరికి గొంతు వింటే తప్ప నేనని పోల్చుకోలేకపోయేది.

గిట్టుబాటు కావడం లేదని ఒక మధ్యాహ్నం కంపెనీవాళ్లు ఫ్యాక్టరీ మూసేశారు. తొట్లలో లోహం తోడనైనా తోడలేదు. ఎవరో ఆఫీసరు వచ్చి స్విచ్చి కిందికి లాగాడు, అంతే. సాయంత్రానికల్లా అన్నీ గడ్డకట్టాయి. ఎవరి కొంపా మునగలేదు.

అన్నయ్య ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. "ఇన్నేళ్లూ దీనికోసమా నిన్ను ఆపానే," అంటూ వెక్కివెక్కి ఏడ్చాడు. నాలుగు దులుపుదామని వెళ్లిన నేను మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను.

ఆ వారమే ముగ్గురం సముద్రానికి వెళ్లాం. అన్నయ్య ఇసకలో వదిన చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

"ఎలా ఉందండీ?" అంది వదిన.

"పెద్దగా ఉంది."

"రంగో?"

"నీలం... అక్కడక్కడ పచ్చగా. కాదు కాదు, బూడిదరంగు." తడబడ్డాడు. "నాకు చెప్పడం రాదే."

ఆవిడ కాసేపు అలల చప్పుడు వింది. "సరే, విన్నాంగా. పదండి, ఇంటికి పోదాం."

అన్నయ్య కదల్లేదు. "ఇంకాసేపు ఉందామే," అన్నాడు. "నాకేం పనుంది?"