పక్కింటి మేళానికి దొరికిన నా పాట

మస్కట్ నుంచి మా ఆయన తెచ్చిన కేసెట్లలో ఒక విదేశీ రాక్ బ్యాండుది ఉండేది. పాట ఇరవై నిమిషాలు. డ్రమ్ము మీద నాలుగు దెబ్బలు పడతాయనుకుంటే ఏడు పడేవి, ఏడుకి అలవాటు పడేలోగా ఐదయ్యేవి. ముక్క అర్థం కాకపోయినా కొబ్బరి కోరుతూ రోజూ వినేదాన్ని. అమలాపురం మొత్తంలో ఆ బ్యాండు నా ఒక్కదానిదే అనుకునేదాన్ని.

పక్కింట్లో పెళ్లిమేళం మేస్త్రి ఉండేవాడు. ఒకరోజు గోడ మీంచి, "మీ పాట నేర్చేసుకున్నానండి. రేపు ఊరేగింపులో వాయిస్తాం. ఇంక ప్రతి పెళ్లిలోనూ ఇదే అడుగుతారు, చూడండి" అన్నాడు.

నాకు అన్నం సయించలేదు. సందుసందునా మోగితే ఇక అది నాదెలా అవుతుంది?

మర్నాడు ఊరేగింపు మా వీధిలోకి రాగానే మేళం ఆ పాట ఎత్తుకుంది. నాలుగుకి అలవాటైన కాళ్లు ఐదో దెబ్బకి గాల్లో ఆగిపోయాయి. చిందులేస్తున్న పెళ్లికొడుకు మేనమామ వెళ్లి బాకా ఊదేవాడి మీద పడ్డాడు.

"తాగొచ్చేరేంటయ్యా మీరు?"

"ఆయ్, లేదండి బాబూ! పాటే అలాగుంటదండి!"

"అయితే పాటే తాగొచ్చింది. ఆపండి!"

వెంటనే సినిమా పాట అందుకున్నారు. నేను లోలోపల మురిసిపోయాను.

మర్నాడు మేస్త్రి మళ్లీ గోడ దగ్గరికొచ్చాడు. "ఇంక పెళ్లిళ్లలో వాయించనండి, అక్కగారూ. నా కోసం ఒక్కసారి పెట్టరూ?"

ఈ ఒక్కడితో పంచుకుంటే ఫరవాలేదనుకుని సౌండు పెంచాను.