చెయ్యి పెట్టి చూసేవా?

ఇవాళ పొద్దున్న మా వంటింట్లో మళ్ళీ ఆ వాసన. కాలిన ఇనుము వాసన, దాని అడుగున ఎప్పుడో పొంగి కారిన బెల్లం పాకం మాడుతున్న చేదు. కిటికీలు రెండూ బార్లా తెరిచి, పొగగొట్టం ఫ్యాను వేసి, కరెంటు పొయ్యికి నాలుగడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పైన నాలుగు పొయ్యిలు, కింద పెద్ద ఓవెను ఉన్న రేంజ్ అది. తనని తాను శుభ్రం చేసుకుంటుంది. తలుపు గట్టిగా బిగించుకుని, కేకులు చేసే వేడికి రెట్టింపు వేడెక్కి, లోపల అంటుకున్న జిడ్డునంతా బూడిద చేస్తుంది. చల్లారాక ఆ బూడిద తడిగుడ్డతో తుడిస్తే చాలు. తలుపు మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతున్నంతసేపూ తలుపు రాదు. ఆ దీపం ఆరేదాకా ఇల్లు వదిలి వెళ్ళకూడదు. ఇప్పటికి నాలుగుసార్లు కుర్చీలోంచి లేచాను. ఒకసారి గుమ్మందాకా వెళ్ళి వచ్చాను, ఎందుకో నాకే తెలియదు. నలభై దాటాయి, అమలాపురంలో నలుగురికీ తెలిసి, కేకులకి ఆర్డర్లు వచ్చే మనిషినయ్యాను, అయినా కాలుగాలిన పిల్లి బుద్ధి పోలేదు.

ఈ పొయ్యి నాది కాదు, భాగ్యమ్మ పిన్నిగారిది. ఆవిడ నాకు చుట్టం కాదు. మా ఊరి నుంచి రాజోలు వెళ్ళే దారిలో ఆవిడ ఇల్లు. కువైట్‌లో ఒకే ఇంట్లో పంతొమ్మిదేళ్ళు వంట చేసి, ఆ ఇంటివాళ్ళు వంటిల్లు మార్చుకుంటూ పాత రేంజ్ తీసెయ్యబోతే, బంగారం అడగకుండా అది అడిగి, ఓడలో వేయించుకుని తెచ్చుకున్న మనిషి. దానికోసం మీటరు దగ్గర్నుంచి విడిగా లావుపాటి తీగ లాగించింది. ఊళ్ళో అందరూ నవ్వారట. తర్వాత ఆవిడ చేసిన రస్కులూ కేకులూ తిని నవ్వడం మానేశారు. నాకు ఇరవై మూడేళ్ళప్పుడు ఆవిడ దగ్గర పనికి చేరాను. రస్కులు నేర్చుకోవడానికి కాదు. కువైట్ వెళ్ళాలి, అక్కడి ఇళ్ళలో ఇలాంటి పొయ్యిలే ఉంటాయి, ముందే వాడటం వస్తే మంచి ఇల్లు దొరుకుతుందని ఏజెంటు చెప్పాడు. ఇల్లు గడవడానికి వెళ్తున్నానని అందరితోనూ అనేదాన్ని. అది సగం నిజం. గోదావరికి ఈ పక్కనే పుట్టి ఈ పక్కనే ముసలిదాన్నయిపోతానేమోనన్న భయం మిగతా సగం.

చేరిన వారానికే నా తొందర ఆవిడకి అర్థమైంది. ఒకరోజు ఆవిడ పెరట్లో ఉండగా, మెప్పు పొందుదామని ఓవెను తలుపు చుట్టూ ఉండే నార పట్టీని చింతపండూ కొబ్బరిపీచూ వేసి ఇత్తడి బిందె తోమినట్టు తోమాను. ఆవిడ వచ్చి చూసి, పీచు నా చేతిలోంచి లాక్కుంది.

"ఎవరు తోమమన్నారే దీన్ని?"

"జిడ్డుగా ఉందండీ. శుభ్రం చేస్తున్నానండీ."

"ఆ పట్టీ వల్లే లోపలి వేడి లోపల ఉంటాది. అది అరిగిపోతే నీ మొహం మీదకి వస్తాది. తోమాల్సినవి ఉన్నాయి, ముట్టుకోకూడనివి ఉన్నాయి. ఏది ఏదో తెలియనప్పుడు చేతులు కట్టుకుని నిలబడ్డం కూడా పనేనమ్మా సుజాతా."

చేతులు కట్టుకుని నిలబడటం పని అని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. మా అమ్మ దృష్టిలో అది బద్ధకం.

నెలకి ఒకసారి పొయ్యికి అలా శుభ్రం జరిగేది. దాన్ని ఆవిడ "తలంటు" అనేది. "రేపు పొయ్యికి తలంటు, ఆర్డర్లు పెట్టుకోకు" అనేది. ఆ తతంగం పొడుగునా నాకు ప్రాణం మీదకి వచ్చినట్టుండేది. ముందు లోపలి కమ్మీల అరలు బయటికి తీసి విడిగా నానబెట్టాలి, ఆ వేడికి అవి నల్లబడి బిగుసుకుపోతాయి. అడుగున పేరుకున్న నూనె, పొంగిన పాకం ముందే గుడ్డతో ఎత్తేయాలి, లేకపోతే మంట లేస్తుంది. బజారులో దొరికే మందులేవీ లోపల చల్లకూడదు. అన్నిటికన్నా చివర, మీట నొక్కేముందు, ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని కుడిచెయ్యి భుజందాకా ఓవెన్లో పెట్టి నాలుగు మూలలూ తడిమేది. లోపలి బల్బు మాడిపోయి చాలాకాలమైంది, అలాంటిది అమలాపురంలో కూడా దొరకలేదు.

"టార్చి వేసి చూస్తే పోదాండీ?" అన్నాను ఒకసారి.

"కన్ను ఉందనుకున్నదే చూస్తాది. చెయ్యి ఉన్నదాన్ని చూస్తాది."

ఆ చేతి మీద మణికట్టు నుంచి మోచేతిదాకా కాలిన మచ్చ. చర్మం అక్కడ నున్నగా, వేరే మనిషిది తెచ్చి అతికించినట్టు ఉండేది. ఎలా కాలిందని ఎవరడిగినా ఒక్కొక్కరికి ఒక్కో సమాధానం చెప్పేది. నాకు జంతికల నూనె అని చెప్పింది.

తడిమిన తర్వాతే మీట నొక్కేది. తలుపు టక్కుమని బిగుసుకున్నాక నాలుగు గంటలు ఎదురుగా కూర్చునేది. మధ్యలో కరెంటు పోతే తిరిగి వచ్చేదాకా తలుపు రాదు, ఆ ఎదురుచూపు అదనం. నేను వాకిలి ఊడ్చేదాన్ని, ఊడ్చిందే ఊడ్చేదాన్ని. "ఆలస్యం అమృతం విషం అంటారు కదండీ" అని ఒకసారి విసుక్కుంటే, "ఆయ్, ఆ మాటన్నాయనకి కరెంటు పొయ్యి ఉండుండదు" అంది. ఓవెన్లో ఏదైనా దాచుకోవడమంటే ఆవిడకి అసహ్యం. మా వైపు వానాకాలం ఉప్పు నీరవుతుంది, అగ్గిపుల్ల వెలగదు. అందుకని గల్ఫు నుంచి ఓవెన్లు తెచ్చుకున్న ఇళ్ళలో అప్పడాలూ అగ్గిపెట్టెలూ అందులోనే దాస్తారు. అలాంటి ఇంటికి వెళ్తే ఆవిడ మంచినీళ్ళు తాగకముందే ఓవెను తెరిచి అవన్నీ బయట పెట్టించేది.

నా వీసా వచ్చిందని కబురొచ్చిన వారం, ముసురు పట్టింది. నాలుగు రోజులు ఎడతెరిపి లేదు. పాస్‌పోర్టు తీసుకుని సాయంత్రంలోగా రావులపాలెం రమ్మన్నాడు ఏజెంటు. ఆ రోజే పొయ్యికి తలంటు. పొద్దున్నే రస్కులు కాల్చడం అయిపోయింది. ఆవిడ అరలు తీసి నానబెట్టింది, అడుగు తుడిచింది, ఓవెను గోరువెచ్చగా ఉంది. నేను పాస్‌పోర్టు ఉన్న సంచీ వంటింటి మేకుకి తగిలించి, గొడుగేసుకుని రస్కులు కొట్లో ఇవ్వడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆవిడ ఇంట్లో లేదు, పక్కింటి పశువుల పాక ఒరిగిపోతుంటే సాయం వెళ్ళిందట. గడియారం చూశాను. మీట ఇప్పుడే నొక్కేస్తే పొయ్యి దగ్గర నా పని అయిపోతుంది, ఆవిడ వచ్చి కూర్చుంటుంది, నేను రెండింటి బస్సు అందుకోవచ్చు. తలుపు వారగా తెరిచి ఉంది. వంగి లోపలికి చూశాను. చీకటి. అడుగు శుభ్రంగానే కనబడింది. తలుపు మూశాను, మీట నొక్కాను, టక్కుమంది.

అరగంటకి ప్లాస్టిక్ కాలిన వాసన. తీగ కాలుతోందేమోనని గోడ తడుముతుంటే, పిన్నిగారు తడిసి ముద్దయి గుమ్మంలోకి వచ్చింది. ఎర్ర దీపం చూసింది. నా సంచీ చూసింది.

"నీ పాస్‌పోర్టు తీసేసేవా అమ్మా?"

"ఎక్కణ్ణుంచండీ?"

ఆవిడ ఓవెను వైపు చెయ్యి చూపించింది. మేకు పైన కప్పు కారి సంచీ తడిసిపోయిందట. పాస్‌పోర్టు అంచులు చెమ్మగిలితే, తుడిచి, దాని ప్లాస్టిక్ తొడుగుతోనే, ఆరుతుందని ఓవెన్లో వెనక గోడకి ఆనించిందట. ఊరందరికీ వద్దని చెప్పిన పని ఆ ఒక్కరోజూ తనే చేసింది.

వెంటనే మీట ఆపేసింది. దీపం ఆరలేదు. వేడి తగ్గేదాకా ఆ తలుపు రాదని నాకు తెలుసు, తెలిసినా ఆగలేకపోయాను. పెరట్లో కొబ్బరికాయలు ఒలిచే గునపం తెచ్చి తలుపు సందులో దూర్చబోయాను. ఆవిడ గునపం మధ్యలో రెండు చేతులతో పట్టుకుంది.

"వదలండి! కాలిపోతోందండీ!"

"కాలిపోయిందే. ఇప్పుడు తలుపు తీస్తే గాలి తగిలి మంట బయటికొస్తాది. లోపలిది పోయింది, బయట ఉన్నది నువ్వు."

అప్పుడు నేను అనకూడని మాట అన్నాను. "నేను వెళ్ళకూడదనే పెట్టేరు మీరు! కావాలనే పెట్టేరు!"

ఆవిడ గునపం వదల్లేదు. పట్టుకునే అంది: "నువ్వు వెళ్ళకూడదని నా మనసులో ఉన్న మాట నిజమే. అబద్ధం ఎందుకు చెప్తాను. కానీ పుస్తకం అక్కడ పెట్టింది తడవకుండానేనమ్మా." తర్వాత కుడిచెయ్యి నా ముందుకి చాపింది. "ఇది జంతికల నూనె కాదు. చుట్టాలొస్తున్నారు, తలుపు తియ్యమని కువైట్‌లో మేడమ్ కేకలేసింది. కత్తి పెట్టి గొళ్ళెం తప్పించేను. తొందర ఆవిడది, కాలింది నా చెయ్యి."

గునపం వదిలేశాను. ఇద్దరం నేల మీద కూర్చున్నాం, తలుపు ఎదురుగా. గంటన్నర. జీవితంలో నేను కదలకుండా కూర్చున్న గంటన్నర అదొక్కటే. రెండింటి బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోవడం వినబడింది. దీపం ఆరాక ఆవిడ తలుపు తీసి, వెనక మూల నుంచి నల్లటి రేకుల్లాంటి బూడిద, సగం మిగిలిన అట్ట ముక్క, పాత క్యాలెండరు కాగితంలోకి ఎత్తి పొట్లం కట్టింది.

మర్నాడు నాతో ఏజెంటు దగ్గరికి వచ్చింది. "బస్సులో పోయిందని రాసెయ్యండమ్మా, కాలిందంటే వంద ప్రశ్నలు" అన్నాడతను. "కాలిందండీ. నేనే పెట్టేను, నా చేతుల్తో పెట్టేను. వంద ప్రశ్నలూ నన్నడగమనండి" అంది. పోలీసు స్టేషన్లోనూ, పాస్‌పోర్టు ఆఫీసులోనూ అదే మాట. ప్రతిచోటా ఆ పొట్లం విప్పి బల్ల మీద పెట్టేది, గుమాస్తాలు ఊపిరి బిగపట్టి కాగితాలు పక్కకి జరుపుకునేవాళ్ళు. మా అమ్మ ఆవిడ ఇంటిమీదకి వెళ్ళి తిడితే తలొంచుకుని పడింది. ఇన్ని చోట్లా నేను పక్కనే ఉన్నాను. మీట నొక్కింది నేనని అందరికీ తెలుసు. నొక్కేముందు చెయ్యి పెట్టి తడమలేదన్నది మాత్రం నాకొక్కదానికే తెలుసు. ఒక్క మాట చెబితే ఆ తప్పులో సగం నాది అయ్యేది. చెప్పలేదు. భయమూ కాదు, కోపమూ కాదు, చెప్పడానికి ఒకచోట నిలబడాలి, నాకది చేతకాలేదు. "చెయ్యి పెట్టి చూసేవా?" అని ఆవిడ కూడా అడగలేదు. అడగలేదంటే తెలిసే ఉంటుంది.

ఎనిమిది నెలలకి కొత్త పాస్‌పోర్టు వచ్చింది, వెళ్ళాను. నాలుగేళ్ళు ఉన్నాను. ఒకరోజు అక్కడి మేడమ్ కూడా, ఓవెను తలుపు తియ్యి, లోపల ట్రే ఉండిపోయిందని అరిచింది. పొయ్యి ఆపేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. నాలుగు తిట్లు పడ్డాయి కానీ చేతులకి ఏమీ కాలేదు. పిన్నిగారు ఫోను చేసినప్పుడల్లా ఆరోగ్యం అడిగేది కాదు. "చేతులెలా ఉన్నాయమ్మా?" అనేది. "బాగున్నాయండీ" అనేదాన్ని. ప్రతిసారీ ఆ మాట నాలిక చివరిదాకా వచ్చి వెనక్కి పోయేది. తిరిగొచ్చాక ఎదురుగా చెబుదామనుకున్నాను. వచ్చాక పెళ్ళి, పిల్లలు, ఇల్లు మారడం, ఎప్పుడూ ఏదో ఒక తొందర. ఆవిడ పోయిన పదిహేను రోజులకి, ఆవిడ చెప్పి ఉంచిందంటూ ఈ పొయ్యిని ట్రాలీ ఆటోలో నా గుమ్మం ముందు దింపారు. అప్పుడు ఏడ్చాను. మంచి మనిషి పోయిందని ఏడ్చానని చూసినవాళ్ళు అనుకున్నారు.

ఎర్ర దీపం ఇప్పుడే ఆరింది. తలుపు టక్కుమని వదిలింది. ఇంకాసేపు ఆగి తెరిస్తే, అడుగున గుప్పెడు బూడిద. మోకాళ్ళ మీద కూర్చుని తడిగుడ్డతో ఎత్తుతున్నాను. పొద్దున్న మీట నొక్కేముందు, ఎప్పటిలాగే చెయ్యి భుజందాకా పెట్టి నాలుగు మూలలూ తడిమాను. వెనక గోడ దగ్గర రెండుసార్లు. ఏమీ తగల్లేదు.

ఇవాళ చూసేను, పిన్నిగారూ. ఆ రోజు చూడలేదండీ.